వాకిట్లో జొన్నల మూట

పోలీసు డిపార్టుమెంటులో ఇన్నేళ్ళు పనిచేసి నేను సంపాదించుకున్న పేరు ఒక్కటే, వీడు ఎవణ్ణీ నమ్మడని. మా ఇంటావిడ మాత్రం దాన్ని మంచి పేరు కింద ఎప్పుడూ జమకట్టలేదు. పాలవాడు చెంబు కింద పెట్టకముందే వాడి మొహంలోకి చూస్తానని, పిల్లకు సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్ళను సాక్షుల్ని అడిగినట్టు అడుగుతానని ఆవిడ బాధ. ఈ మధ్య కొత్తగా ఖాకీ తొడుక్కున్న కుర్రవాళ్ళు కొందరు మా అరుగు మీదికొచ్చి, మనిషిని చూడగానే పసిగట్టడం ఎలా అని అడుగుతున్నారు. నాయనలారా, అది చేతనైన విద్యేమీ కాదు, ఒంటికి పట్టిన జబ్బు. ఆ జబ్బు నాకు బాగా ముదిరిన రోజుల్లో జరిగిన సంగతి ఒకటి రాస్తాను. పనికొస్తే ఉంచుకోండి.

అప్పుడు నేను కోవిల్‌పట్టిలో హెడ్ కానిస్టేబుల్ని. ఆ పక్క హెడ్ కానిస్టేబుల్ని ఏట్టు అంటారు, మర్యాదగా పిలిస్తే ఏట్టయ్య. స్టేషన్లో, బజార్లో అంతా అరవం. మా ఇళ్ళలో మాత్రం తెలుగు. మా తెలుగు వింటే ఆంధ్రదేశం నుంచి వచ్చినవాళ్ళు మూతి బిగించుకుని నవ్వు ఆపుకుంటారు. నవ్వితే నవ్వారు గానీ, అరవంలో అడిగితే తెరుచుకోని తలుపులు కొన్ని ఆ మాటకు తెరుచుకునేవి. నన్ను కొన్ని పనులకు పంపింది కూడా అందుకే.

మా నల్లరేగడి ఊళ్ళలో పండిన పత్తి కోవిల్‌పట్టి జిన్నింగు మిల్లులకు చేరి, అక్కణ్ణుంచి విరుదునగరం వ్యాపారుల గోడౌన్లకు పోయేది. ఆ ఊరికి కొత్త పేరు పెట్టినా మా నోళ్ళలో ఇంకా విరుదుపట్టే. కోవిల్‌పట్టి ఒక జిల్లా, విరుదుపట్టి ఇంకో జిల్లా. ఇక్కడ పోయిన పత్తి బోరా అక్కడ అమ్ముడయ్యేది. మేము వెళ్ళి అడిగితే అక్కడి స్టేషన్‌వాళ్ళు మమ్మల్ని చుట్టాల్లాగా కూచోబెట్టి, మజ్జిగిచ్చి, ఏమీ చెప్పకుండా పంపేవాళ్ళు. వాళ్ళలో ఎవడు ఎవడి మనిషో నాకు చివరిదాకా తేలలేదు.

ఆ దారి మొత్తం ఒక ముఠా చేతిలో ఉండేది. పైకి వాళ్ళు కావలివాళ్ళు. బండ్ల వరసలో మొదటి బండి మీద వాళ్ళ మనిషి ఒకడు కూచుంటే, ఆ వరస జోలికి ఎవరూ పోరు. అతన్ని కూచోబెట్టుకోని వ్యాపారి బోరాలు దారిలో మాయమవుతాయి. దాన్ని నడిపినాయన్ని అందరూ పెద్దాయన అనేవారు. ఎట్టయాపురం వైపు ఒక మెట్ట ఊరివాడు, ఇంట్లో మా మాటే మాట్లాడేవాడు. బక్కపలచటి మనిషి, గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు.

ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. దొంగతనాలు మితిమీరి పైనుంచి మాకు తాఖీదులు వచ్చినప్పుడు, ఆయనే ఒక మనిషిని పంపేవాడు. వాడు నేరుగా స్టేషన్‌కొచ్చి, అంతా నేనే చేశానని తలవంచుకుని నిలబడేవాడు. మాకు కేసు దొరికేది, ముఠాకు ఊపిరాడేది. వాడు జైల్లో ఉన్నన్నాళ్ళూ వాడి ఇంటి వాకిట్లో వారం వారం ఒక జొన్నల మూట ఉండేది. ఎవరు పెట్టారో ఎవరూ చూడకూడదు, ఇంట్లోవాళ్ళు అడగకూడదు. పెట్టినవాడు చెప్పుకోకూడదు. ఆ మూట ఫలానావాడిది కాదు, ముఠాది అని జైల్లో ఉన్నవాడు నమ్మాలి. అలా నమ్మినవాడెవడూ నోరు విప్పలేదు. ఎంత కొట్టినా విప్పలేదని మా పాత ఏట్టు ఒకాయన మెచ్చుకుంటున్నట్టే చెప్పేవాడు.

అలా లోపలికి పోయినవాళ్ళలో ఒక బండివాడు ఉన్నాడు. మొదటి బండి మీద కూచునే మనిషి అతనే. పెద్దాయన దగ్గరే పెరిగాడు. అతను ఒప్పుకున్న దొంగతనం అతను చేశాడో లేదో దేవుడికి తెలియాలి. పాళయంకోట జైలుకు పోయాడు. ఇంట్లో భార్య ఒక్కతే, మిల్లులో పత్తి ఏరే పనికి పోయేది.

అతను లోపల ఉండగానే బయట లోకం మారిపోయింది. పెద్దాయనకు చూపు మందగించి, పెత్తనం అల్లుడి చేతికి పోయింది. అల్లుడు విరుదుపట్టిలో కాపురం పెట్టి లారీ కొన్నాడు. బండ్ల వరసలు, మొదటి బండి మీద మనిషి, ఆ మర్యాదలన్నీ అతనికి ముసలివాళ్ళ ముచ్చట్లు. సరుకును లారీలో ఎక్కించి, తెల్లారేసరికి ఇంకో జిల్లాకు చేర్చెయ్యడమే అతని లెక్క. ముఠాలో కూడా కూలి పద్ధతి పెట్టాడు. “పని చేసినోడికి చేసిన దినం కూలి. లోపలికి పోయినోడి పెండ్లానికి నేను వండి పెట్టాల్నా?” అన్నాడట. వాకిళ్ళలో మూటలు ఆగిపోయాయి. ఈ సంగతి మాకు విరుదుపట్టిలోని మా వేగు ద్వారా తెలిసింది. వేగు మాటను నేను సగమే నమ్మాను గానీ, జైల్లో ఉన్న తక్కినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి చూస్తే ఆడవాళ్ళ మొహాలే చెప్పాయి.

బండివాడి ఇంట్లో మాత్రం మూట ఆగలేదు.

అక్కడే అసలు తిరకాసు మొదలైంది. ముఠా పెట్టడం మానేసింది, మూట వస్తూనే ఉంది. అయితే పెడుతున్నది ఎవరు? అల్లుడు ఆలోచించి తేల్చుకున్నాడు, పోలీసులని. బండివాడు జైల్లోనే మాకు లొంగిపోయాడని, అందుకే ఇంటికి మేము గింజలు పంపుతున్నామని, బయటికి రాగానే అందరి పేర్లూ చెబుతాడని. మేము పెట్టడం లేదని మాకు తెలుసు కాబట్టి, మేము ఇంకోలా అనుకున్నాం. ఆ ఇంటితో ముఠాకు ఇంకా ఏదో లోపాయికారీ ఉందని.

మా సబ్‌ఇన్‌స్పెక్టరు చదువుకున్నవాడు, చురుకైనవాడు, ఇస్త్రీ నలగనివ్వడు. ఆ మూట సంగతి తేల్చమని నన్నూ ఇంకో కానిస్టేబుల్నీ ఆ వీధి చివర తమలపాకుల కొట్లో కాపలా పెట్టాడు. ఆ కానిస్టేబులు నాకు సరిగ్గా ఎదురు. అందర్నీ నమ్ముతాడు. కూచున్న గంటకే కొట్టువాడితో వరస కలిపేసి, వాడి ఇంటి వంకాయ పులుసు తిని, గోడకు ఆనుకుని గుర్రుపెట్టాడు. మిట్టమధ్యాహ్నం, మిల్లు నడిచే వేళ, వీధిలో కుక్క కూడా కదలని ఎండలో నేనొక్కణ్ణే మేలుకుని చూశాను.

తలమీద మూటతో పెద్దాయన నడిచి వస్తున్నాడు. జీవితంలో బరువు మోసిన మనిషి కాదు. చెయ్యెత్తితే మోసిపెట్టేవాళ్ళు ఉండేవారు. చూపు ఆనక, కాలితో అంచు వెతుక్కుంటూ గోడ వెంబడే వచ్చాడు. మూట దించి, వాకిలికి ఆనించి, వెనక్కి తిరిగి చూడకుండా పోయాడు. నా మొదటి ఆలోచన ఏమిటో చెబితే నన్ను తిడతారు. గింజల్లో విషం కలిపాడేమో అనుకున్నాను. సాయంత్రం ఆ ఇల్లాలు పనినుంచి వచ్చాక వెళ్ళి మూట విప్పించి, గుప్పెడు తీసి వాసన చూశాను. కొత్త జొన్నలు, అంతే.

“ఎవరు పెట్టినారమ్మా ఇది?” అని అడిగాను.

“అడగకూడదు ఏట్టయ్యా. అడిగితే నిలిచిపోతుంది.”

“నీకు తెలీదా?”

“తెలిసినా తెలీదు. మీరు పెట్టలేదు గదా?” అంది ఆమె, నా కళ్ళలోకి సూటిగా చూస్తూ. “వీదిలో అందరూ మీరే పెడతా ఉండారని చెప్పుకుంటా ఉండారు. నిన్న మిల్లుకాడ ఇద్దరు వచ్చి, మీ ఆయన ఏ రైలుబండికి వస్తాడని అడిగినారు. నేను ముందు ఎప్పుడూ చూసిన మొగాలు కాదు.”

అప్పటికి నాకు అర్థమైంది. ఆ మూట ఆకలి తీరుస్తూనే బండివాడి మెడకు ఉరితాడు పేనుతోంది. పెద్దాయనకు ఆ సంగతి తెలియదు. తెలియజెప్పేవాళ్ళు ఆయన చుట్టూ ఎవరూ మిగల్లేదు.

సబ్‌ఇన్‌స్పెక్టరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన మొహం విప్పారింది. “ఎవరికీ చెప్పకు. మనం పుట్టించలేని అబద్ధాన్ని వాళ్ళే పుట్టించుకుని నమ్ముతున్నారు. ఎల్లుండి వాడు విడుదలై వచ్చి రైలు దిగగానే నువ్వు ఎదురెళ్ళు. యూనిఫారంలో వెళ్ళు. భుజం మీద చెయ్యివెయ్యి, నవ్వు, కులాసా అడుగు. ముఠావాళ్ళు చూడనీ. ప్రాణభయంతో వాడే పరుగెత్తుకొచ్చి మన ఒళ్ళో పడతాడు,” అన్నాడు.

“పరుగెత్తేలోపే చంపితే సార్?” అన్నాను.

“అప్పుడు హత్య కేసులో పట్టుకుందాం,” అన్నాడాయన. చెడ్డవాడు కాదు. ఇంట్లో పిల్లల్ని ఒళ్ళోంచి దించేవాడు కాదు. కేసు కళ్ళముందు కనబడితే మనిషి కనబడకపోవడం ఈ ఉద్యోగంలో చాలామందికి ఉంటుంది, రేపు మీకూ వస్తుంది.

మర్నాడు ఏదో సమన్ల మిషతో పెద్దాయన ఊరికి వెళ్ళాను. ఆయన ఎద్దు మెడకు నూనె రాస్తున్నాడు. నా బూట్ల చప్పుడుకే మనిషిని పోల్చాడు.

“ఏట్టయ్యా, వచ్చిన పని చెప్పు. మంచినీళ్ళు తరవాత తాగుదువు.”

“రేపు పొద్దున రైలుబండికి నీ మనిషి దిగుతాడు.”

“నా మనిషని ఎవరు చెప్పినారు?”

“వాకిట్లో మూట దించతా ఉంటే చూసినా.” ఆయన చెయ్యి ఆగింది. నేను ఆగలేదు. “అది పోలీసు మూట అని నీ అల్లుడు అనుకుంటా ఉండాడు. వాణ్ణి చంపి తీర్చేదానికి మనుషుల్ని పెట్టినాడు. రేపు నేను రైలు టేసనులో అందరూ చూస్తా ఉండగా వాని బుజం మింద చెయ్యేస్తా. అది నాకు ఆర్డరు.”

ఆయన నూనె చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు. తర్వాత, “ఇది నాకెందుకు చెప్తా ఉండావు? దీంట్లో నీకేమి?” అన్నాడు.

“తెలీదు.”

“నీ మాట నమ్మాల్నా?”

“నేనైతే నమ్మను.”

అప్పుడు నవ్వాడు. పళ్ళు చాలా వరకు లేవు. “పో అప్పా, సమన్లు ఇచ్చిపో,” అన్నాడు.

తెల్లారి స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నేను నిలబడ్డాను. టీ దుకాణం పక్కన ఇద్దరు కొత్త మొహాలవాళ్ళు రైలు కోసం కాకుండా మనిషి కోసం చూస్తున్నారు. ఇంకో చివర బండివాడి భార్య, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని. పెద్దాయన జాడ లేదు. ముసలాయన నన్ను నమ్మలేదనుకున్నాను. లేదా అల్లుడి దగ్గరికే పోయి నా సంగతి చెప్పాడనుకున్నాను. నా ఉద్యోగం పోతుందేమోనని కూడా అనుకున్నాను.

రైలు ఆగింది. బండివాడు దిగాడు. జైలు తిండికి బుగ్గలు లోపలికి పోయాయి. నేను ఒక అడుగు వేశాను. ఇంకో రెండడుగులు వేస్తే నా చెయ్యి అతని భుజాన్ని అందుకునేది. ఆర్డరు ఆర్డరే కాబట్టి వేసేవాణ్ణి కూడా.

“పక్కకు జరుగు ఏట్టయ్యా,” అన్న కేక వినబడింది. గేటు లోంచి పెద్దాయన వస్తున్నాడు, తలమీద జొన్నల మూట. జనం దారి వదిలారు. ఆయన వచ్చి ఆ మూటను బండివాడి కాళ్ళ దగ్గర దించి, రొప్పు తీర్చుకుని, ఆ చివరనుంచి ఈ చివరికి వినబడేలా అన్నాడు. “ఇన్నాళ్ళూ నీ వాకిట్లో దించినది నేనే రా. పోలీసు కాదు, ఇంకొకరు కాదు. నిలిపెయ్యమని ఇప్పటి తలైవరు, నా అల్లుడు, చెప్పినాడు, నేను నిలపలేదు. చెప్పుకోకూడదు, చెప్పినా. ఇంక ఎవరికి సందేగం ఉన్నా నన్ను వచ్చి అడగమను.”

ఆయన గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరని ముందు రాశాను గదా, ఆ రోజు విన్నాను. బండివాడు ఆయన కాళ్ళ మీద పడ్డాడు. టీ దుకాణం దగ్గరి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని విరుదుపట్టి వైపు పోయే ఆ రైలే ఎక్కేశారు. నా చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక టోపీ సర్దుకున్నాను.

బండివాడి ప్రాణం నిలిచింది. దానికి పెద్దాయన మూల్యం చెల్లించాడు. పెత్తనం చేతిలో ఉన్నవాడి మాటను కాదన్నానని తనే నలుగురిలో ఒప్పుకున్నాడు గదా. అల్లుడు విరుదుపట్టి లారీ షెడ్డులో అందర్నీ కూచోబెట్టి, మామ తలపాగా తీయించి, ఇకనుంచి ఈయనకు ఎవరూ నిప్పూ నీళ్ళూ ఇవ్వకూడదన్నాడట. సబ్‌ఇన్‌స్పెక్టరు నన్ను పైనుంచి కిందికి చూసి, ముసలాడికి రైలు సంగతి ఎవరు చెప్పారో అని ఒక్కమాట అన్నాడు. తేల్చలేదు, మరిచిపోనూ లేదు. నా ప్రమోషను ఆయన బదిలీ అయిపోయేదాకా కదల్లేదు.

అయినా నన్నే మళ్ళీ పెద్దాయన దగ్గరికి పంపాడు. ముఠావాళ్ళు ఆయన్ను తోసేశారు గదా, ఇప్పుడు అల్లుడి మీద చెబుతాడేమో చూడమని. ముసలాయన నన్ను లోపలికి కూడా రానివ్వలేదు. “వాడు ఇప్పుడు తలైవరు. నేను మాట తప్పినా, నన్ను తోసినాడు. వాని తావులో నేనుంటే నేనూ అదే చేద్దును. పో,” అన్నాడు.

ఎవరూ పిలవకుండా వచ్చింది బండివాడు. ఒక ఉదయం స్టేషన్‌కొచ్చి, “రాసుకోండి సామీ. ఆయన తలగుడ్డ తీసినోణ్ణి నేను విడవను,” అన్నాడు. అల్లుడి లారీ, గోడౌన్లు, సరుకు కొనేవాళ్ళు, అన్నీ చెప్పాడు. అప్రూవరుగా తీసుకున్నాం. అంటే కోర్టు అతనికి క్షమాపణ ఇస్తుంది, అతను మాత్రం తనకు తెలిసినదంతా దాచకుండా కోర్టులో చెప్పాలి. ఒక్క పేరు దాచినా క్షమాపణ రద్దు. అతనూ ముద్దాయిల్లో నిలబడాలి, అతని సాక్ష్యానికి విలువ పోతుంది, అల్లుడు తప్పించుకుంటాడు. ఇది అతనికి నేనే మా మాటలో విడమరిచి చెప్పాను. తలూపాడు. ఆ తలూపడాన్ని అప్పుడే అనుమానించి ఉండాల్సింది. పెద్దాయన పేరు మా పాత రికార్డుల్లో ఉండటంతో ఆయన్నూ ముద్దాయిల్లో చేర్చారు.

కోర్టులో బండివాడు జంకకుండా చెప్పుకుపోయాడు. అల్లుణ్ణి చూపించాడు, లారీ తోలినవాణ్ణి చూపించాడు. సర్కారు ప్లీడరు వరస చివరికి వచ్చి, “ఈ ముసలాయన ఎవరు?” అని అడిగాడు.

“తెలీదు సామీ.”

మేజిస్ట్రేటు కలం కింద పెట్టి, క్షమాపణ షరతు గుర్తుచేసి, మళ్ళీ అడిగాడు. “తెలీదు. ఎప్పుడూ చూడలేదు,” అన్నాడు బండివాడు, నేల చూపులు చూస్తూ. ప్లాట్‌ఫారం మీద ఊరంతా చూసింది, ఆ కాళ్ళ మీద పడటం. సబ్‌ఇన్‌స్పెక్టరు నా చెవిలో, అయిపోయింది, కేసు పోయింది, అన్నాడు. నాకు దిగులేసింది. కేసు కోసం అని చెప్పుకున్నాను గానీ, కేసు కోసం కాదు.

బోనులోంచి పెద్దాయన గొంతు వినబడింది, ఎప్పటిలాగే మెత్తగా. “అయ్యా, వాడు అబద్దం చెప్తా ఉండాడు. వాని తొలి జత ఎద్దులు నేను కొనిచ్చినా. వాని పెండ్లి నేను చేసినా. వీళ్ళందరికీ దొంగతనం నేర్పినది నేను. నేను తెలీకపోతే వానికి ఇంకెవరు తెలుసు? రాసుకోండి.”

మేజిస్ట్రేటు బండివాడి వైపు తిరిగాడు. అతను రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడుస్తూ, నిజమేనన్నాడు. ఆ మాటతో సాక్ష్యం పూర్తయింది, క్షమాపణ నిలిచింది. పై కోర్టులో అల్లుడికీ, మామకూ కూడా శిక్ష పడింది. ఆ వయసులో పడిన శిక్ష మనిషిని తిరిగి ఇంటికి పంపేది కాదని అందరికీ తెలుసు, ఆయనకూ తెలుసు.

పాళయంకోటకు ఎస్కార్టు నేనే. దారిలో బేడీలు తీసి, తాగడానికి చెంబుతో నీళ్ళిచ్చాను. ఇన్నాళ్ళూ పంటికింద రాయిలా ఉన్న ప్రశ్న అప్పుడు అడిగేశాను. “నిజం చెప్పు. వాణ్ణి కాపాడాలని ఒప్పుకున్నావా, లేకపోతే అంతమందిలో నువ్వెవరో తెలీదంటే ఓర్చుకోలేకపోయినావా?”

ఆయన నీళ్ళు తాగడం ముగించి, మూతి తుడుచుకున్నాడు.

“వాడు తెలీదన్నప్పుడు పక్కన నా అల్లుడు నవ్వినాడు ఏట్టయ్యా. నాకు కన్ను సరిగ్గా తెలీదు, అయినా నవ్వు చప్పుడు వినబడింది,” అని, చెంబు నాకు తిరిగిచ్చి, బేడీల కోసం చేతులు ముందుకు చాపాడు.